గంట లేని సైకిలు, కూత లేని వీధి

ఊళ్లో ప్రశాంతత లేకపోవడానికి ఏకైక కారణం అందులో కాపురముంటున్న జనమేనని కనిపెట్టినవాళ్లకు ఈ కాలమ్ ముఖంగా రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నాను. ఇంత చిన్న సంగతి ఇన్ని వందల ఏళ్లుగా ఎవరికీ తట్టలేదంటే ఎంత ఆశ్చర్యం! రాళ్లు మోయించి కోటగోడ కట్టించిన రాజులకు తట్టలేదు. ఆ గోడ ఎక్కబోయి కిందపడ్డ శత్రువులకూ తట్టలేదు. చివరికి కోట బాగోగులు చూసే సంఘంవారికి తట్టింది.

ప్రకటన మీరూ చూసే ఉంటారు. చుట్టూ పాతకాలపు గోడ, లోపల రాతి పలకలు పరిచిన సందులు, ఒక్క మోటారు బండి లేదు, ఒక్క హారన్ లేదు, హాయిగా సైకిలెక్కి చరిత్రలో చక్కర్లు కొట్టండి అని. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. గోడ లోపల ఇప్పుడు నిజంగానే మోటార్లు లేవు. మరి ఆ మోటార్లన్నీ ఏమయ్యాయంటారా? గోడకి అవతల రింగ్ రోడ్డు మీద గానుగెద్దుల్లా తిరుగుతున్నాయి. ఆ రోడ్డు పక్కన ఉండేవాళ్లు కూరలో ఉప్పు తగ్గిందని చెప్పాలన్నా సైగలే చేసుకుంటున్నారట. ఎవరి అదృష్టం వాళ్లది.

అయితే బండ్లు పోయినా నిశ్శబ్దం రాలేదు. అతిథులు సైకిళ్లు ఆపి చెవులు రిక్కిస్తే చరిత్రకి బదులు ఇంకేవేవో వినబడ్డాయి. ఒక ఇంట్లో కుక్కర్ విజిలేసింది. ఒక బాల్కనీ నుంచి ఎదురు బాల్కనీకి "వదినా, మీకు నీళ్లొచ్చాయా" అని కేక వెళ్లింది. ఎవరో షట్టరెత్తారు. ఎవరి మనవడో ఎక్కాలు అప్పజెప్పాడు. ఇంత గోలలో చరిత్ర మాత్రం నోరెలా విప్పుతుంది, మీరే చెప్పండి?

అప్పుడు సంఘంవారు నిబంధనలు పెట్టారు. విజిలొచ్చే వంటలు సైకిళ్లు రాని వేళ చేసుకోవాలి. షట్టర్లు బుజ్జగించి ఎత్తాలి. తుమ్ము వస్తే గేటు దాకా వెళ్లి తుమ్మి రావాలి. అత్తాకోడళ్లు పోట్లాడుకోవాలనుకుంటే కాగితం మీద రాసి ఒకరికొకరు అందించుకోవాలి. ఈ పద్ధతి వల్ల ఒక కోడలికి చేతిరాత ముత్యాల్లా కుదిరిందని, అత్తగారికి వ్యాకరణం మెరుగుపడిందని చెప్పుకుంటున్నారు. ఇవన్నీ లాభాలు కావా?

తర్వాత సైకిళ్ల గంటలు పీకేశారు. గంట కొట్టడమంటే ఎదుటివాణ్ణి తప్పుకోమనడం. అతిథి నోటితో ఆ మాట అనిపించడం మర్యాదేనా? తప్పుకోవలసిన బాధ్యత తప్పుకునేవాడిది. గేటు మీదున్న సెల్ టవర్ ఫొటోలకి అడ్డమొస్తోందని దాన్నీ తీసేశారు. అప్పట్నుంచి లోపల ఫోన్లు కాలక్షేపానికి తప్ప ఇంకెందుకూ పనికిరావడం లేదు. అయినా చరిత్రలో విహరించేవాడికి సిగ్నలెందుకు?

ఇంత చేసినా ఒక అతిథి మొహం చిట్లించి, "మరీ శ్మశానంలా ఉందండీ" అన్నాడట. అదీ నిజమేననిపించి సంఘంవారు ప్రతి సైకిలుకీ ఒక హెడ్‌ఫోన్ ఇచ్చారు. అందులో పాత నగరం చప్పుళ్లు వస్తాయి. పావురాల రెక్కలు, బావి గిలక, రాళ్ల మీద చెప్పుల టకటక, మధ్యమధ్యలో "కూరగాయలోయ్" అని ఒక ఆడగొంతు. అంతా స్టూడియోలో చేసిన సరుకు. ఏసీ గదిలో తీశారు కాబట్టి ఎక్కడా దుమ్ముండదు.

ఈ గొంతు దగ్గరే మన కథలోకి మైకక్క వస్తుంది.

మైకక్క నాలుగు చక్రాల తోపుడు బండి మీద కూరగాయలమ్ముతుంది. అసలు పేరేమిటో ఆమెకి గుర్తుందో లేదో కూడా అనుమానమే. గేటు దగ్గర నిలబడి "టమాటా, వంకాయ, ఉల్లిపాయోయ్" అందంటే ఆ మాట అటు చివరి గోడకి తగిలి వెనక్కి వచ్చేది. ఆమెకి ముందు ఆమె తల్లీ అదే బండి తోసింది, అవే సందుల్లో. గోడ బయట ప్రతి మలుపూ ఎవరో ఒకరి సొంతం, అక్కడ కొత్త బండి ఆపితే పాత బండివాళ్లు ఊరుకోరు. లోపలి సందులు పోతే ఆమె బతుకు గోవిందా.

కోటలోని ఇళ్లు మూడేసి అంతస్తులు. మెట్లు ఇరుకు, నిలువు. ఒక్క ఉల్లిపాయ కోసం అవన్నీ దిగి ఎక్కే ఓపిక ఎవరికుంటుంది? అందుకని ప్రతి కిటికీకీ ఒక తాడు, తాడుకి ఒక బుట్ట. మైకక్క కూత వినబడగానే బుట్ట కిందకి దిగేది. ఏం కావాలో దాని ఆనవాలు బుట్టలోనే ఉండేది. ఉల్లిపాయలు కావాలంటే ఉల్లిపొట్టు, వంకాయలు కావాలంటే వంకాయ తొడిమ. సరుకు వేసి రెండుసార్లు తాడు లాగితే బుట్ట పైకి పోయేది. అసలు మాటే అక్కర్లేని బేరం. అయినా ప్రతి బుట్టకీ పది మాటలు నడిచేవి, అది వేరే సంగతి.

హెడ్‌ఫోన్ల కోసం గొంతు వెతుకుతున్నారని తెలిసి మైకక్క కూడా వెళ్లింది. స్టూడియో ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"బావుందమ్మా, కానీ మీ గొంతులో పాతకాలం లేదు" అన్నాడు.

"మా అమ్మది కూడా ఇదే గొంతు బాబూ, ఆవిడ పాతకాలమే కదా" అంది మైకక్క.

ఆయన నవ్వి టీ ఇప్పించి పంపేశాడు. చివరికి సీరియళ్లలో రాణి వేషాలు వేసే ఒకావిడ వచ్చి కూరగాయలమ్మి వెళ్లింది. నిజానికి ఆ గొంతు ఎంతో బాగుంది. వంకాయలు కొనమన్నట్టుండదు, ఏలుకోమన్నట్టుంటుంది.

అసలు గొంతు మాత్రం నిబంధనలకి విరుద్ధం. కోట సంఘం కార్యదర్శిగారు ఎంతో మర్యాదస్తుడు, ఎవరితోనైనా గుసగుసగానే మాట్లాడతాడు. మైకక్కని ఆపి, ఇకమీదట కూత వేయకూడదని, మూడుసార్లు వేస్తే గేటు పాస్ రద్దని చెప్పి మొదటి హెచ్చరిక ఇచ్చాడు.

"ఎందుకండీ" అంది మైకక్క తన మామూలు గొంతుతో.

అది రెండో హెచ్చరికగా నమోదైంది.

ఇక మిగిలింది ఒక్కటి. ఆ రోజు నుంచి మైకక్క నోటికి తాళం వేసుకుంది. కిక్కురుమనకుండా బండి తోసుకుంటూ, మెడ పట్టేసేలా పైకి చూస్తూ నడిచేది. కిటికీల వెనక జనం ఆమె ఇంకా రాలేదనుకుని ఎదురుచూసేవాళ్లు. ఆమె వచ్చి వెళ్లిపోయేది. బుట్టలు దిగడం మానేశాయి, బండి మీద వంకాయలు వాడిపోయాయి.

బుట్టలు దిగడం లేదని సంఘంవారూ గమనించారు. పాత ఫొటోల్లో ఉన్న బుట్టలేవని అతిథులు అడుగుతున్నారట. పరిష్కారం వెంటనే దొరికింది. సొంత బుట్ట లేని ప్రతి కిటికీకీ ఒక కొత్త తాడు, తాడుకి కొత్త బుట్ట, బుట్టలో కాగితం పూలు. అచ్చం అసలు బుట్టల్లాగే, చెయ్యందే ఎత్తులో వేలాడదీశారు.

మర్నాడు పొద్దున్నే సందులోకి తిరిగిన మైకక్కకి కళ్లనీళ్లు తిరిగాయి. వీధి వీధంతా ఆమె కోసమే బుట్టలు దించి కూర్చుంది! కాగితం పూలెందుకున్నాయో అర్థం కాలేదు, ఎర్ర పూలు కదా అని టమాటాలనుకుంది. బండిలో ఉన్న టమాటాలన్నీ పంచేసి, ఒక్కో తాడూ రెండుసార్లు లాగి, ఎవరైనా పైకి లాక్కుంటారేమోనని నిలబడింది. ఎవరూ లాగలేదు. ఆ కిటికీల వెనకున్న గదులు చాలావరకు ఇప్పటికే అతిథి గదులైపోయాయి, అతిథులంతా సైకిళ్ల మీదున్నారు. టమాటాలు ఎండకి ఉడికి ఉడికి, చివరికి ఒక బుట్ట అడుగు ఊడి, తెల్లచొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి నెత్తిన పడ్డాయి. కార్యదర్శిగారు విచారణ జరిపి, పడ్డ చప్పుడు నిబంధనలకి లోబడే ఉందని తేల్చడంతో మూడో హెచ్చరిక తప్పింది.

ఆ రోజుతో మైకక్కకి బుట్టలంటే ఒళ్లుమంట. బుట్ట కనబడితే చాలు మొహం తిప్పుకునేది.

ఇక టైలర్ బాబాయ్ సంగతి. ఆయన ఒక సందులో మూడో అంతస్తులో ఉంటాడు. పెళ్లీ పెటాకులూ లేవు, కుట్టు మిషనే కాపురం. బట్ట బుట్టలో ఎక్కేది, జాకెట్టై దిగేది. మైకక్కకి రక్తసంబంధీకుడేం కాదు, కానీ ఆమె మొదటి గౌను దగ్గర్నుంచి పెళ్లి జాకెట్టు దాకా కుట్టింది ఆయనే. నోరారా బాబాయ్ అని పిలుస్తుంది.

ఆయన ఒకరోజు దారం కొనుక్కుని నడిచి వస్తుంటే వెనక నుంచి ఒక సైకిలు వచ్చి గుద్దింది. గంట లేదు కాబట్టి వినబడలేదు. తొక్కుతున్నాయన హెడ్‌ఫోన్‌లో బావి గిలక వింటున్నాడు కాబట్టి బాబాయ్ "అమ్మా" అనడమూ వినబడలేదు. కాలు విరిగింది. కట్టు కట్టించుకుని, మేనల్లుడి భుజం పట్టుకుని, బాబాయ్ సంఘం ఆఫీసుకి వెళ్లాడు.

"ఇది ట్రాఫిక్ లేని ప్రాంతమండీ. ట్రాఫిక్ లేనిచోట ట్రాఫిక్ ప్రమాదమెలా జరుగుతుంది" అన్నాడు కార్యదర్శిగారు గుసగుసగా.

"మరి నా కాలు విరిగింది కదయ్యా" అన్నాడు బాబాయ్.

"అది మీ కాలికి సంబంధించిన విషయం."

ఎంత చక్కటి తర్కం! ప్రమాదాలు తగ్గించడానికి ప్రపంచమంతా బుర్రలు బద్దలు కొట్టుకుంటోంది. ఇక్కడ ఒక్క మాటతో మొత్తం తీసి పారేశారు.

బాబాయ్ మూడో అంతస్తు చేరి మంచం పట్టాడు. కింది రెండు అంతస్తులూ అతిథి గదులు. వీధి తలుపుకి నంబర్లు నొక్కితే తెరుచుకునే తాళం బిగించారు, ఆ నంబర్లు అతిథులకే చెబుతారు. మేనల్లుడు మర్నాడు ఉదయం ఉద్యోగానికి పోతూ, వారం తర్వాత సెలవు పెట్టి వచ్చి తన ఇంటికి తీసుకెళ్తానని చెప్పి, కాస్త సరుకు పెట్టి వెళ్లాడు. మైకక్క సందులో నిలబడి సైగలతోనే అడిగింది. బాబాయ్ కిటికీలోంచి చెప్పాడు, ఏదైనా కావలసొస్తే తనే ఒక కేకేస్తానని.

"కేకెయ్యి బాబాయ్, నేను అక్కడే ఆగుతా" అంది మైకక్క, పెదాలు మాత్రమే కదిలిస్తూ.

తర్వాత కేక రాలేదు. ఒకరోజు చూసింది, రెండురోజులు చూసింది. మేనల్లుడు ముందే వచ్చి తీసుకెళ్లిపోయాడేమోననుకుని సరిపెట్టుకుంది. ఆ కిటికీ కింద సైకిళ్ల గుంపు ఆగి ఫొటోలు తీసుకుంటోంది. అక్కడ వేలాడుతున్న బుట్ట మిగతావాటి కంటే అందంగా ఉందట, తాడుకి ఎర్ర గుడ్డ ముక్క కట్టి ఉంది. రాతిగోడ మీద ఎరుపు బాగా కొట్టొచ్చినట్టుంటుందని గైడు గుంపుని అక్కడే ఆపుతున్నాడు. మైకక్క అలవాటు ప్రకారం మొహం తిప్పుకుని బండి తోసుకుపోయింది.

మర్నాడు ఒక అతిథి ఆ బుట్ట పట్టుకుని ఫొటో దిగబోతే బుట్ట ఊగి, అందులోంచి ఏదో మైకక్క చక్రం పక్కన పడింది. చూస్తే టాబ్లెట్ల రేకు. ఖాళీది.

కాగితం పూల బుట్టలో టాబ్లెట్ల రేకెందుకుంటుంది? ఆమె బండి వదిలేసి వచ్చి బుట్టలో చెయ్యి పెట్టింది. పైన అతిథులు పారేసిన జ్యూస్ డబ్బాలు, చాక్లెట్ కాగితాలు. వాటి అడుగున ఒక మంచినీళ్ల సీసా, అదీ ఖాళీదే. కాగితం పూలు లేవు. ఏం కావాలో దాని ఆనవాలు. అది బాబాయ్ సొంత బుట్ట.

పరిగెత్తుకెళ్లి తలుపు కొట్టింది. పాపం, ఎంత అలవాటైపోయిందంటే ముందు వేలి కొసలతో నెమ్మదిగా కొట్టింది. తర్వాత అరచేత్తో బాదింది. లోపల ఎవరూ లేరు. వెనక్కి తిరిగితే ఎదురుగా గుంపుతోపాటు కార్యదర్శిగారు నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఎవరో పెద్ద అతిథులొచ్చారని స్వయంగా తిప్పుతున్నాడు. ఆయన మైకక్కని చూసి చిరునవ్వుతో పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

 ఆ ఒక్క వేలు వెనక ఏముందో ఆమెకి బాగా తెలుసు. తల్లి తోసిన సందులు, ఇంట్లో పొయ్యి, రేపటి బండి. పైకి చూసింది. కిటికీలో ఎవరూ కనబడలేదు. తాడు మాత్రం ఒకసారి సన్నగా కదిలింది.

"బాబాయ్!"

గోడ మీద పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. అతిథులు కంగారుపడి హెడ్‌ఫోన్ల సౌండ్ తగ్గించుకున్నారు. మైకక్క మళ్లీ అరిచింది. వాళ్లు ఇంకా తగ్గించుకున్నారు. మూడోసారి అరిచేసరికి ఒకమ్మాయి అనుమానమొచ్చి హెడ్‌ఫోన్ తీసేసింది. పైనుంచి పీలగా ఒక మాట వినబడింది.

"ఇక్కడే ఉన్నానే, తలుపు తియ్యండి."

"నేనీ ఇంట్లోనే దిగానండీ, నంబర్ నాకు తెలుసు" అందా అమ్మాయి. అందరికంటే ముందు ఆమే మెట్లెక్కింది.

బాబాయ్ కిటికీ కింద నేల మీద పడి ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది. కట్టు లోపల కాలు వాచి, వేళ్లు నల్లబడ్డాయి. తాడు కొస మణికట్టుకి చుట్టుకుని ఉన్నాడు.

"జ్వరంతో గొంతు లేవలేదు, అయినా ఎన్నిసార్లు పిలిచానే. మొదట్లో లేచి చెయ్యి కూడా ఊపాను. కిందనుంచి వాళ్లూ ఊపి, ఫొటో తీసుకుని వెళ్లిపోయారు" అన్నాడు.

"నేనూ మొహం తిప్పుకుపోయాను బాబాయ్" అంటూ మైకక్క నెత్తి కొట్టుకుని ఏడ్చింది.

అంబులెన్స్ గేటు దాటి రాకూడదు. ఆ అమ్మాయి గేటు అవతలికి సైకిలు తొక్కి, అక్కడి సిగ్నల్ పట్టుకుని ఫోన్ చేసింది. మైకక్క బండి మీది కూరగాయలన్నీ రాళ్ల మీద కుమ్మరించి, బాబాయ్‌ని పడుకోబెట్టి తోసింది. దారి పొడుగునా "తప్పుకోండి, తప్పుకోండి" అంటూనే ఉంది. అలా కోటలో చాలా రోజులకి ఒక ప్రయాణం గంట మోగినట్టు జరిగింది. ఇంకొక్క రోజు ఆలస్యమైతే కాలు తీసేయవలసి వచ్చేదని డాక్టర్ చెప్పారు. కాలు దక్కింది.

కార్యదర్శిగారు ఎంత సంస్కారవంతుడంటే, అంబులెన్స్ కదిలేదాకా ఆగి, అప్పుడు పాస్ అడిగాడు.

"మనిషి పోయేవాడు సార్" అంది మైకక్క.

"కాదనడం లేదమ్మా. నెమ్మదిగా పిలిచి ఉండొచ్చు కదా."

"ఆయన నెమ్మదిగానే పిలిచాడు సార్, ఇన్ని రోజులూ. మీవాళ్లంతా కిందే ఉన్నారు."

కార్యదర్శిగారు పాస్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు బాబాయ్ రింగ్ రోడ్డు పక్కన మేనల్లుడి ఇంట్లో మిషన్ వేసుకున్నాడు. లారీల మోతకి సూదిలో దారం కూడా వణుకుతోందట. అయినా నిద్ర బాగా పడుతోందని, ఎవరో ఒకరు అరుస్తూనే ఉన్నారన్న ధైర్యమని అంటున్నాడు. అభిరుచి లేని మనిషి! మైకక్క అదే రోడ్డు మీద బండి ఎక్కడ నిలిపినా, ఇది మా చోటని ఎవరో ఒకరు తరుముతున్నారు. ఆ హోరులో ఆమె కూత పక్క ఇంటికి కూడా వినబడటం లేదు. కోటలో మిగిలిన నాలుగు కుటుంబాలూ కూరగాయల్లేక, ఫోన్ లేక, తుమ్ము ఆపుకోలేక ఒక్కొక్కటే సామాను సర్దుకున్నాయి. మొన్న చివరి కుటుంబం కూడా గేటు దాటింది. వాళ్ల కిటికీలకీ బుట్టలు కట్టేశారు.

కాబట్టి పాఠకులారా, ఇంక ఆలస్యం చేయకండి. సంపూర్ణ నిశ్శబ్దం సిద్ధంగా ఉంది. మోటార్లు లేవు, కుక్కర్లు లేవు, వదినలు లేరు. సైకిలెక్కి ఎంత దూరం తొక్కినా ఒక్క మనిషి అడ్డం రాడు. ఒక్క చిన్న మనవి మాత్రం ఉంది. రాతి పలకలు నున్నగా ఉంటాయి, మలుపు దగ్గర జారతాయి. ఒకవేళ పడితే, కాలు విరిగితే, దయచేసి అరవకండి. నిబంధన కోసం చెప్పడం లేదు. విని పరిగెత్తుకొచ్చే మనిషి ఒక్కతే ఉండేది, ఆమెని గేటు బయట పెట్టేశాం.